ఒక్క టింగు కోసం

శనివారం పొద్దున లిండ్సీ పాస్కో ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీలో ఈ పనులు ఉన్నాయి:

ఒకటి: రికార్డు ప్లేయరుకు కొత్త బెల్టు వెయ్యాలి.
రెండు: దాని కింద పెట్టడానికి సిమెంటు పలక ఒకటి తేవాలి.
మూడు: పాత సోఫాను పెద్ద చెత్తలో పెట్టాలి.
నాలుగు: స్పీకర్లు బయటికి తీసి, గ్లెనిస్ కొత్త తివాచీ పరిచాక మళ్ళీ లోపల పెట్టాలి.
ఐదు: మూడు గంటలకు ఎర్నీ వస్తాడు. రికార్డు వెయ్యాలి.
ఆరు: నాన్న తప్పు చెయ్యలేదని రుజువు చెయ్యాలి.

ఆరో పని కింద అతని భార్య గ్లెనిస్ ఆకుపచ్చ సిరాతో "ఏడు: పాలు" అని చేర్చింది.

లిండ్సీ మెల్‌బోర్న్ పడమటి పేటల్లో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. చీటీలో రాసిన పనిని రాసిన వరుసలోనే చేస్తాడు. నాలుగో స్టాపులో ఆగి తర్వాత మూడో స్టాపుకు వెనక్కి వెళ్ళడం బస్సుకు ఎలా కుదరదో, మనిషికీ అలాగే కుదరదని అతని నమ్మకం. ఆ రోజు జరిగినదంతా ఈ నమ్మకం వల్లే జరిగింది.

ఆరో పని సంగతి కాస్త చెప్పాలి. లిండ్సీ తండ్రి ఆల్ఫ్ ఒకప్పుడు తాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆ ఫ్యాక్టరీ బ్యాండులో ట్రయాంగిల్ వాయించేవాడు. మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీని ఒక చేత్తో వేలాడదీసి, ఇంకో చేత్తో చిన్న కడ్డీ పట్టుకుని కొడితే టింగుమంటుంది. అంతే ఆ వాయిద్యం. 1972 పోటీల్లో బ్యాండు పదకొండు నిమిషాల బాణీ ఒకటి వాయించింది. అందులో ఆల్ఫ్ పని పదకొండు నిమిషాలూ నిటారుగా నిలబడి, ఆఖరి స్వరంతో పాటు ఒక్కసారి టింగుమనిపించడం. ఆ రోజు బ్యాండు ఒక్క మార్కు తేడాతో రెండో స్థానంలో వచ్చింది. ఆల్ఫ్ అసలు కొట్టనే లేదని ఎర్నీ అన్నాడు. ఎర్నీ పెద్ద డ్రమ్ము వాయించేవాడు, ఆల్ఫ్ పక్కనే నిలబడ్డవాడు. అందుకని అందరూ ఎర్నీ మాటే నమ్మారు.

"కొట్టానురా" అని ఆల్ఫ్ చనిపోయేదాకా చెప్పాడు. చనిపోయి ముప్పై రెండేళ్ళయింది. బ్యాండులో మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే పోయారు. ఎనభై ఆరేళ్ళ ఎర్నీ మిగిలాడు, ఎర్నీతో పాటు ఆ మాట మిగిలింది. ఏటా యుద్ధవీరుల దినం నాడు క్లబ్బులో బీరు గ్లాసు ఎత్తి, "ఆల్ఫ్ బంగారం లాంటి మనిషి. ఆ ఒక్క దెబ్బ కొట్టి ఉంటేనా!" అనేవాడు. లిండ్సీ ప్రతి ఏడూ అదే బల్ల దగ్గర కూర్చుని ఆ మాట వినేవాడు. ఇక సోమవారం నాడు ఎర్నీ పెర్త్‌లో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నాడు. ఆ వయసులో దేశానికి ఆ చివరికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ చివరికి రాడు.

సాక్ష్యం ఒకటుంది. ఆ పోటీని రికార్డు చేశారు. ఫ్యాక్టరీవాళ్ళు రెండు వందల ప్రతులు వేయించి పంచారు. కానీ ఇంట్లో పాత రికార్డు పెట్టె మీద వేస్తే టింగు ఉండాల్సిన చోట చిరచిరమని గీత చప్పుడు, ఆ వెంటనే చప్పట్లు. తప్పు నాన్నది కాదు, పెట్టెది అని లిండ్సీ తేల్చుకున్నాడు. మంచి సెట్టు ఒకటి ఇంట్లో అమర్చుకుంటే నిజం దానంతట అదే వినపడుతుంది అనుకున్నాడు. రెండేళ్ళుగా అదే పని.

అతనికి హద్దులు మూడు. మొదటిది గది. గ్లెనిస్ తన కుట్టుమిషను గదిలో సగం ఇచ్చింది. కుట్టుమిషను మాత్రం కదలదని ముందే చెప్పింది. రెండోది డబ్బు. సెలవుల్లో తిరిగే కారవాన్ బండి అమ్మగా వచ్చినదాంట్లో మూడో వంతు, అంతకు మించి అడగకూడదు. మూడోది చెవులు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులను పరీక్ష చేసిన అమ్మాయి, కాగితం మీద కొండ దిగినట్టున్న గీత చూపించింది. "కింది మెట్లు బాగున్నాయండి. పై మెట్లు లేవు. పిట్టల కూతలు, మైక్రోవేవ్ కూత, అలాంటివి మీకు ఇక వినపడవు" అంది. ట్రయాంగిల్ సంగతి లిండ్సీ అడగలేదు. ఆమె చెప్పలేదు. వినాల్సింది ఎర్నీ కదా, నేను కాదు అనుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆంప్లిఫయరు ఒక చర్చి వాళ్ళు అమ్మితే కొన్నాడు. నడుమెత్తు స్పీకర్లు రెండు, గోధుమరంగు చెక్కవి, బెండిగో ఊళ్ళో ఒక రిటైరైన సంగీతం టీచరు దగ్గర దొరికాయి. తెచ్చిన రోజు గ్లెనిస్ తలుపు దగ్గర నిలబడి విని, "దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది" అంది.

"దాన్ని వెచ్చదనం అంటారు" అన్నాడు లిండ్సీ. పత్రికలో చదివాడు.

"వెచ్చదనం కావాలంటే హీటరుందిగా."

ఇక మిగిలిన సమస్య నేల. ఆ వీధిలో ఇళ్ళన్నీ చెక్కవి, మొద్దుల మీద నిలబడ్డవి. వంటింట్లో ఎవరైనా అడుగు వేస్తే కుట్టు గదిలో రికార్డు మీద ముల్లు ఎగిరి మూడు వరసలు దాటేది. అందుకే చీటీలో రెండో పని.

పదిన్నరకల్లా మొదటి మూడు పనులూ అయిపోయాయి. సిమెంటు పలక ఇరవై రెండో నంబరు ఇంటి ముందు చెత్తలో దొరికింది. అది పెద్ద చెత్త వారం. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఇంట్లో అక్కర్లేని పరుపులు, కుర్చీలు, టీవీలు అందరూ ఇంటి ముందు గడ్డి పట్టీ మీద పెడతారు. పురపాలక సంఘం లారీ వచ్చేలోపు ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపోతారు. దానికి రాయని చట్టం ఒకటుంది: గడ్డి పట్టీ మీద పెట్టింది వీధిది. తీసుకునేవాడు అడగడు. పెట్టినవాడు చూడడు, చూసినా కిటికీ తెర వెనకనుంచే చూడాలి.

నాలుగో పనికి వచ్చేసరికి ముందు అరుగు మీద గ్లెనిస్ తివాచీ విప్పి పరిచి దులుపుతోంది. గడ్డి మంచుకు తడిసి ఉంది. అప్పటికే మూడో పని ప్రకారం సోఫా గడ్డి పట్టీ మీద ఉంది. లిండ్సీ స్పీకర్లను తీసుకొచ్చి, తడి తగలకుండా, సోఫా మీద పక్కపక్కన కూర్చోబెట్టాడు. పెళ్ళి ఫోటోలో దంపతుల్లా ఉన్నాయి. లోపలికి వెళ్ళి, భార్యతో కలిసి కుట్టుమిషను ఎత్తి, తివాచీ దాని కాళ్ళ కింద దూర్చి, మళ్ళీ దింపాడు. పదకొండు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాడు. సోఫా ఉంది.

గ్లెనిస్ వెనకాలే వచ్చి చూసింది. "సోఫాని మాత్రం ఎవరూ ముట్టుకోలేదే!" అంది మొదట. తర్వాత మొగుడి మొహం చూసి, "అయ్యో" అంది.

లిండ్సీ వీధి ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచాడు. ఎవరి గరాజు తలుపూ తెరిచి లేదు. తిరిగొచ్చి, ఏం చెయ్యాలో చీటీలో లేదు కాబట్టి, సోఫా మీద కూలబడ్డాడు.

ఎదురింటి స్టావ్రూలా చీపురు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. భర్త పోయిన గ్రీకు ఆవిడ, ఆ వీధికి వచ్చి యాభై ఏళ్ళు. ఆవిడకు తెలియకుండా ఆ వీధిలో కుక్క కూడా దారి మార్చదు.

"ఏంటి లిండ్సీ, నిన్ను కూడా బయట పెట్టేసిందా?"

"నా స్పీకర్లు పోయాయి, స్టావ్రూలా. ఎవరు తీశారో చూశావా?"

"అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నా. ఎన్నడూ లేనిది ఇవాళే ఆ కిటికీ దగ్గర లేను. ఏం చేద్దామని వాటితో?"

"ఇవాళ మూడింటికి. నాన్న కోసం. ఎర్నీ వస్తున్నాడు. రెండేళ్ళుగా ఏర్పాటు చేస్తున్నాను..."

స్టావ్రూలా చీపురు గోడకు ఆనించింది. "మీ నాన్న పోయి ఎన్నేళ్ళు?"

"ముప్పై రెండు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ పుట్టిన చోట చనిపోయినవాళ్ళకి ఏళ్ళ తరబడి ప్రార్థన చేయించి, పదిమందినీ పిలిచి పెడతారు. ఈ దేశంవాళ్ళు ఒకసారి పాతిపెట్టి, శాండ్‌విచ్ తిని, ఇంటికి పోతారని ఆవిడకు యాభై ఏళ్ళుగా ఫిర్యాదు. "ముప్పై రెండేళ్ళా! నా కొడుకులు వాళ్ళ నాన్నకి మూడో ఏడే మానేశారు. నువ్వు కూర్చో బాబూ. నేను చూసుకుంటా" అని వెళ్ళిపోయింది. ఏం చూసుకుంటుందో లిండ్సీ అడగలేదు.

ఈలోగా గ్లెనిస్ ఫోను తీసి వీధివాళ్ళ గ్రూపులో ఇలా రాసింది: "పద్నాలుగో నంబరు ముందు నుంచి రెండు స్పీకర్లు పొరపాటున వెళ్ళిపోయాయి. మూడు గంటలకల్లా కావాలి. లిండ్సీ వాళ్ళ నాన్న కోసం. దయచేసి సాయం చెయ్యండి."

"నాన్న సంగతి ఎందుకు రాశావు?" అన్నాడు లిండ్సీ చదివి.

"ఉత్త స్పీకర్లంటే ఎవరు కదులుతారు? నాన్న అంటే కదులుతారు."

కదిలారు. పది నిమిషాల్లో ఇరవయ్యో నంబరు గ్యావిన్ కంప్యూటరు పక్కన పెట్టుకునే బుల్లి స్పీకర్లు రెండు చేత్తో పట్టుకొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చాలా బాధగా ఉంది, లిండ్సీ. మీ నాన్న ఉన్నారని కూడా నాకు తెలీదు."

"లేరు."

"అదే, ఇప్పుడే చదివా."

"కాదు గ్యావిన్. ఆయన పోయి ముప్పై రెండేళ్ళయింది."

గ్యావిన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "దుఃఖానికి క్యాలెండరు ఉండదు" అన్నాడు. స్పీకర్లు సోఫా మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎనిమిదో నంబరు వాళ్ళు ఒక పెద్ద పాటల స్పీకరు, దాని మీద వేడి లసాన్యా పళ్ళెం పెట్టుకుని తెచ్చారు. పదకొండో నంబరు కుర్రజంట కారులోంచి ఊడదీసిన జత ఇచ్చారు. వైర్లు ఇంకా వేలాడుతున్నాయి. ఒకాయన తోటలో పెట్టుకునే బండరాయి ఆకారపు స్పీకరు ఎత్తుకొచ్చి, "ఇది వానలో కూడా పాడుతుంది, శ్మశానం దగ్గర పనికొస్తుంది" అన్నాడు. ఎవరికి చెప్పినా లాభం లేకపోయింది. చనిపోయింది ఇప్పుడు కాదని చెబితే, పాపం ఇంకా నమ్మలేకపోతున్నాడు అన్నట్టు చూసేవారు. ఒంటిగంటకు సోఫా మీదా చుట్టూ పంతొమ్మిది స్పీకర్లు చేరాయి. వాటిలో ఒకటి పసిపిల్లల ఏడుపు వినడానికి గదిలో పెట్టే యంత్రం. ఏ జతా ఆ ఆంప్లిఫయరుకు పనికొచ్చేది కాదు.

"గ్రూపులో నిజం రాసెయ్యి" అన్నాడు లిండ్సీ లోపలికొచ్చి.

గ్లెనిస్ ఓవెన్ తలుపు మూసింది. "ఏమని రాయను? ఎవరూ పోలేదు, మీ లసాన్యా మేం తింటున్నాం అని రాయనా? రెండు పళ్ళేలు ఓవెన్‌లో ఉన్నాయి. సాసేజి రోల్స్ నలభై ఉన్నాయి. లామింగ్టన్ కేకులు లెక్కపెట్టలేదు. ఇప్పుడు నువ్వు ఊరుకోవడమే మర్యాద."

బయట ఇంకో చిక్కు వచ్చింది. గడ్డి పట్టీ మీద అన్ని స్పీకర్లు చూసి, దారిన పోయే బండ్లు ఆగడం మొదలైంది. అవి ఇరుగుపొరుగువాళ్ళు ఎరువిచ్చినవి. పోతే మాట పడాలి. లిండ్సీ పరుగెత్తి వెళ్ళి మధ్యలో కూర్చున్నాడు. ఒక వ్యాను ఆగింది. అద్దం దించి ఒకామె అడిగింది.

"సోఫా ఇస్తారా?"

"తీసుకోండి. స్పీకర్లు మాత్రం కాదు."

"మీరు లేస్తే తీసుకుంటాం."

"లేస్తే స్పీకర్లు పోతాయి."

ఆమె మొగుడి వైపు తిరిగి, "ముసలాయన సోఫాతో పాటే వస్తాడేమో అడుగు" అంది. మొగుడు వ్యాను కదిలించాడు.

రెండున్నరకు స్టావ్రూలా వచ్చింది. నల్ల గౌను, నల్ల మేజోళ్ళు. చేతుల్లో పళ్ళెం నిండా ఉడికించిన గోధుమలు, వాటి మీద చక్కెర, దానిమ్మ గింజలు. చనిపోయినవాళ్ళ పేరు మీద మర్నాడు చర్చికి తీసుకెళ్ళాల్సిన కోలివా అది. "దేవుడు ఒక్కరోజు ఆగుతాడు, మీ నాన్న ముప్పై రెండేళ్ళు ఆగాడు" అంది. ఆవిడ వెనకాల వీధి అంతా ఉంది. గ్యావిన్ టై కట్టుకున్నాడు.

లిండ్సీ సోఫా మీంచి లేవకుండానే ఆఖరి ప్రయత్నం చేశాడు. "చూడండి, ఇది సంతాప సభ కాదు. ఒక రికార్డు విందామని..."

"ఏ పాటైతేనేం, ఆయనకి ఇష్టమైనది వెయ్యి" అంది ఎనిమిదో నంబరావిడ.

రెండు నలభైకి టాక్సీ ఆగింది. ఎర్నీ దిగాడు. కర్ర, కోటు, రెండు చెవుల్లోనూ చెవి మిషన్లు. ఆ మిషన్లను లిండ్సీ అప్పుడే చూశాడు. క్లబ్బులో ఇన్నేళ్ళూ ఆ మాట వింటూ తల దించుకునే కూర్చున్నాడు, ఎప్పుడూ గమనించలేదు. రెండేళ్ళు కష్టపడి సెట్టు కట్టినది ఈ చెవుల కోసమా అనుకున్నాడు.

నల్లబట్టలవాళ్ళనూ పళ్ళేలనూ చూసి ఎర్నీ టోపీ తీశాడు. "ఎవరు పోయారు?" అన్నాడు మెల్లగా, పక్కనున్న గ్యావిన్‌తో.

"ఆల్ఫ్."

"మళ్ళీనా?" అన్నాడు ఎర్నీ.

లిండ్సీ అతన్ని సోఫా మీద కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు. ఎర్నీ అంతా విని తల ఊపాడు. "అయితే పెట్టెలు లేవు. రికార్డు లేదు."

"రికార్డు ఉంది. పెట్టెలు లేవు."

"పోన్లేరా. సోమవారం నేను వెళ్ళిపోతున్నా. వాడు కొట్టలేదు. ఇక ఇంతటితో వదిలేద్దాం." ఎర్నీ అతని మోకాలు తట్టాడు. మంచిగానే తట్టాడు. అందుకే లిండ్సీకి అది మరీ కష్టంగా ఉంది.

అప్పుడు తొమ్మిదో నంబరు గరాజు తలుపు పైకి లేచింది. క్వాంగ్ చిన్న చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. వియత్నాం నుంచి వచ్చి ఆ వీధిలో నలభై ఏళ్ళుగా ఉన్నవాడు, టీవీలు బాగుచేసి రిటైరైనవాడు. బండి మీద గోధుమరంగు స్పీకర్లు రెండు, మెరిసేలా తుడిచినవి.

"ఇవి నీవటగా! ఫోను ఇప్పుడే చూశా" అన్నాడు. "పొద్దున సోఫా మీద కనిపించాయి. ఎత్తేముందు నీ కిటికీ వైపు చూశా. తెర కదల్లేదు. సరే అనుకున్నా."

"నీ తప్పేం లేదు. పెట్టింది నేనే" అన్నాడు లిండ్సీ. అతను చట్టాన్ని ఎప్పుడూ కాదనడు.

"అసలు పాడైపోయాయనే పారేశావనుకున్నా. పైన ఉండే చిన్న స్పీకరు రెండిట్లోనూ పలకడం లేదు. విప్పి చూస్తే లోపల వైరు ఊడిపోయి ఉంది. అతికించా."

"రెండిట్లోనా?"

"రెండిట్లోనూ. సన్నటి శబ్దాలన్నీ దాంట్లోంచే రావాలి. అది లేకపోతే అంతా దుప్పటి కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఎన్నాళ్ళు విన్నావు ఇలా?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళలో తెలియలేదా?" క్వాంగ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

లిండ్సీ గ్లెనిస్ వైపు చూశాడు. గ్లెనిస్ ఆకాశం వైపు చూసింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆమె అనకుండా వదిలేసిన మాటల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

మూడింటికి క్వాంగ్ స్పీకర్లను గది రెండు మూలల్లో నిలబెట్టి వైర్లు కలిపాడు. ఎర్నీని ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టారు. గదిలో పట్టినంతమంది పళ్ళేలతో సహా నిలబడ్డారు. స్టావ్రూలా కుట్టుమిషను పక్కన, మిగతావాళ్ళు నడవలో, ఇద్దరు కిటికీ అవతల. ఇంతమంది అడుగులకు ముల్లు ఎక్కడికి ఎగురుతుందోనని లిండ్సీ కళ్ళు మూసుకుని ముల్లు దింపాడు. ఎగరలేదు. ఇరవై ఎనిమిది మంది బరువుకు చెక్కనేల కిందికంటా కూరుకుపోయి, ఊగే ఓపిక లేక నిశ్చలంగా ఉండిపోయింది. సిమెంటు పలక అవసరమే లేకపోయింది.

బ్యాండు మొదలైంది. గ్లెనిస్ నోరు కొంచెం తెరుచుకుంది. బాకాలు గదిలో ఎదురుగా నిలబడి ఊదుతున్నట్టున్నాయి. ఎవరో పేజీ తిప్పిన చప్పుడు, ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. ఎర్నీ తన పెద్ద డ్రమ్ము దెబ్బ వచ్చిన ప్రతిసారీ వేలితో మోకాలి మీద కొట్టుకున్నాడు. వీధివాళ్ళు, ఎవరి కోసం దుఃఖపడాలో సరిగ్గా తెలియకపోయినా, తలలు వంచుకుని మర్యాదగా విన్నారు. పదకొండు నిమిషాలు కదలకుండా నిలబడడం ఎంత కష్టమో, ఆల్ఫ్ చేసిన పని ఎలాంటిదో, గదిలో అందరికీ మోకాళ్ళలో తెలిసొచ్చింది.

ఆఖరి స్వరం వచ్చింది. ఆగింది. తర్వాత చప్పట్లు.

"చూశావా!" అన్నాడు ఎర్నీ, చెవి వెనక చెయ్యి పెట్టుకుని. "లేదు. నేను చెప్పలా? కొట్టలేదు."

లిండ్సీకి కూడా ఏమీ వినపడలేదు. కానీ అతను స్పీకర్ల వైపు చూడడం లేదు. మనుషుల మొహాల వైపు చూస్తున్నాడు. చప్పట్లకు కాస్త ముందు, గదిలో అన్ని కనుబొమలూ ఒక్కసారి పైకి లేచాయి. కిటికీ అవతలివి కూడా.

"మోగింది" అంది గ్లెనిస్.

"మోగిందండీ, టింగుమని" అన్నాడు గ్యావిన్. "స్పష్టంగా మోగింది" అన్నారు ఎనిమిదో నంబరు వాళ్ళు. నడవలోంచి కూడా "మోగింది, మోగింది" అని వినిపించింది.

ఎర్నీ కర్ర నేలకు ఆనించి అందరినీ ఒక చుట్టు చూశాడు. "మీరంతా మంచివాళ్ళు. చావింటికి వచ్చాం, కొడుకు మనసు ఎందుకు కష్టపెట్టాలని అలా అంటున్నారు. ఇక్కడ నిజం తెలుసుకోవడం ఎలా?"

అది నిజమే. లామింగ్టన్లు తెచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఏమడిగినా అవుననే అంటారు. లిండ్సీ రికార్డు ప్లేయరు మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంత దూరం వచ్చి, నిజం గదిలో మోగి కూడా, ఎర్నీ దాకా చేరకుండా సోమవారం పెర్త్‌కు వెళ్ళిపోతోంది.

స్టావ్రూలా నోట్లో గోధుమలు మింగింది.

"మోగితే మోగింది గానీ, అదేం వాయించడం?" అంది. "అందరూ ఆపేశాక కొట్టాడు. మా ఆయన చర్చిలో ఆమెన్ అనడం కూడా ఇంతే. ఊరంతా అనేసి కూర్చున్నాక, ఈయన ఒక్కడూ లేచి అనేవాడు. సిగ్గుతో చచ్చేదాన్ని. చనిపోయినాయన్ని అనకూడదు, కానీ లిండ్సీ, మీ నాన్న ఆలస్యంగా కొట్టాడు."

గదిలో అందరూ ఆవిడ వైపు భయంగా చూశారు. గ్లెనిస్ కళ్ళు మూసుకుంది. సంతాప సభలో అలాంటి మాట ఎవరూ అనరు.

ఎర్నీ కుర్చీలోంచి సగం లేచాడు. "ఎంత ఆలస్యంగా?"

"ఊపిరి తీసుకునేంత."

"బ్యాండు ఆగాక? చప్పట్లకి ముందు?"

"మధ్యలో. తలుపు మూసేశాక గంట కొట్టినట్టు."

ఎర్నీ మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. "అప్పుడు నేను వంగి డ్రమ్ము కింద పెడుతున్నా" అన్నాడు. "నా పని అయిపోయిందిగా. బెల్టు భుజం మీంచి తీసి... డ్రమ్ము నేలకి తగిలిన చప్పుడు నా చెవిలో ఉంది, ఇప్పటికీ." స్టావ్రూలా వైపు చూసి, "మర్యాదకి ఎవరూ ఆలస్యంగా అనరు. మర్యాదకి అయితే బాగా కొట్టాడు అంటారు" అన్నాడు. తర్వాత లిండ్సీ వైపు తిరిగి, "వాడు కొట్టాడురా. యాభై ఏళ్ళు పైబడి నేను..." అని టోపీ ఒళ్ళో తిప్పుకుంటూ ఉండిపోయాడు.

"ఇంకోసారి వెయ్యనా?" అన్నాడు లిండ్సీ.

"వెయ్యి."

ఈసారి చివర మాత్రమే వేశాడు. గ్లెనిస్ వచ్చి పక్కన నిలబడి అతని చెయ్యి పట్టుకుంది. బ్యాండు ఆగింది. చప్పట్లు ఇంకా మొదలుకాలేదు. ఆ మధ్యలో ఆమె అతని చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కింది. లిండ్సీ తల ఊపాడు. అతని రెండో చెయ్యి ఎర్నీ భుజం మీద ఉంది. అక్కడ అతను కూడా ఒక్కసారి నొక్కాడు. కాస్త ఆలస్యంగానే నొక్కాడు గానీ, ఎర్నీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత లసాన్యా తిన్నారు. సాయంత్రం ఎవరూ తమ స్పీకర్లు వెనక్కి తీసుకెళ్ళలేదు. గడ్డి పట్టీ మీద పెట్టినవి వెనక్కి తీసుకోవడం పద్ధతి కాదట. సోఫాను లారీవాళ్ళు గురువారం తీసుకెళ్ళారు. పాలు తేవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఎర్నీ పెర్త్ వెళ్ళాడు. మరుసటి ఏడు యుద్ధవీరుల దినం నాడు అక్కడి క్లబ్బులో, తనకు కొత్తగా పరిచయమైనవాళ్ళ ముందు గ్లాసు ఎత్తి కథ చెప్పాడట. కూతురు ఫోను చేసి చెప్పింది. కథ కొద్దిగా మారింది. "ఆల్ఫ్ సరిగ్గానే కొట్టాడు. బ్యాండులో మిగతా ఇరవై ఆరుగురం మేమే తొందరపడ్డాం" అన్నాడట.

కాబట్టి మీరెప్పుడైనా కచేరీలో ఉన్నప్పుడు, అందరి చప్పట్లూ ఆగిపోయాక వెనక వరసలో ఎవరో ఒక్కరు ఇంకో చప్పట కొడితే, తిరిగి ఉరిమి చూడకండి. తాళ్ళ ఫ్యాక్టరీ బ్యాండు ఆల్ఫ్ పాస్కోని ఒక్కసారి తలుచుకోండి. కాస్త ఆలస్యంగా తలుచుకున్నా ఫర్వాలేదు.